ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం, ఎన్ని గంటలు?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఢిల్లీ విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి ఎంత దూరం అని ఎవరైనా అడిగితే ఒకే జవాబు చెప్పొచ్చు. సుమారు 12,400 కిలోమీటర్లు. ఎన్ని గంటలు పడుతుందని అడిగితే మాత్రం ఒక్క జవాబు సరిపోదు. విమానం ఏ దారిన వెళ్లింది, ఆ రోజు గాలి ఎటు వీచింది, కింద ఉన్న దేశాల్లో ఎవరు దారిచ్చారు, ఎవరు ఇవ్వలేదు, ఇవన్నీ తెలిస్తేగానీ గంటలు చెప్పలేం. విమానాలకు దారి లెక్కలు, ఇంధనం లెక్కలు వేసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ హాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. టికెట్ మీద రాసి ఉన్న గంటల వెనక ఏముందో మీకు తెలియాలని నా కోరిక. అందుకే ఈ రెండు ఊళ్లనే తీసుకున్నాను. ఒకే జత ఊళ్ల మధ్య ఇన్ని రకాల దారులు నడిచిన చరిత్ర ఇంకోచోట దొరకడం కష్టం.

ముందు దూరం సంగతి. మన బడి గోడల మీద వేలాడే ప్రపంచ పటం చూస్తే అమెరికా ఎడమ చివర, మనం కుడివైపు. కాబట్టి అమెరికా వెళ్లాలంటే పడమరకే వెళ్లాలి అనిపిస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు వచ్చే చిక్కు ఇది. ఇక్కడ బల్ల మీద గ్లోబు ఉంది. ఒక దారం తీసుకుని ఢిల్లీ మీద ఒక కొస, శాన్ ఫ్రాన్సిస్కో మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగుతున్నాను, చూడండి. దారం పడమరకీ పోలేదు, తూర్పుకీ పోలేదు. దాదాపు నేరుగా ఉత్తరానికి, కొంచెం తూర్పుకి మొగ్గి బయలుదేరింది. హిమాలయాలు, టిబెట్, మంగోలియా వైపు, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రపు అంచు తాకి అలాస్కా పక్కగా కిందికి దిగింది. అతి తక్కువ దూరం అంటే ఇదే. ఈ గీత ఉత్తర ధ్రువానికి సుమారు 1,600 కిలోమీటర్ల దగ్గరికి వెళ్తుంది.

ఇంట్లో కాగితం మీద వేసుకునే లెక్క ఒకటి చెబుతాను. మనకూ అమెరికాకూ మధ్య రేఖాంశాల తేడా 180 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అంటే దాదాపు భూగోళానికి అవతలి వైపు. అలాంటప్పుడు రెండు ఊళ్ల అక్షాంశాలు కలిపి 180లోంచి తీసేయండి. వచ్చినదాన్ని 111తో గుణించండి. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు కదా. ఢిల్లీ 28.5, శాన్ ఫ్రాన్సిస్కో 37.5. కలిపితే 66. 180లోంచి తీస్తే 114. గుణిస్తే 12,654. సరిగ్గా ధ్రువం మీంచి వెళ్తే అయ్యే దూరం అది. అతి దగ్గర దారికంటే ఎక్కువయ్యేది 300 కిలోమీటర్ల లోపే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి డాలస్‌కి వేద్దాం. 17, 33 కలిపితే 50. 180లోంచి తీస్తే 130. గుణిస్తే 14,430. కంప్యూటర్ చెప్పే అసలు దూరం సుమారు 14,420. శంషాబాద్ నుంచి డాలస్‌కి గీత గీస్తే అది ఉత్తర ధ్రువానికి 600 కిలోమీటర్ల లోపు దూరంలో పోతుంది. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న టెక్సాస్‌కి దగ్గర దారి మంచు సముద్రం మీదుగా ఉందన్నమాట.

దూరం గురించి ఇంతే. ఇక గంటలు.

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. బోయింగ్ 777-200ఎల్ఆర్ అనే విమానం. మొదట్లో అది పడమరగా, అట్లాంటిక్ మహాసముద్రం దాటి వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరు 16న అదే విమానాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. మన లెక్కలో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పోయేంత దూరం అదనం. ఎంత సేపట్లో చేరింది? పద్నాలుగున్నర గంటల్లో. పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందుగా.

దూరం పెరిగింది, సమయం తగ్గింది. ఇదెలా కుదిరిందో నెమ్మదిగా చూద్దాం. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

15,300ని పద్నాలుగున్నరతో భాగించండి. గంటకు 1,055 కిలోమీటర్లు వస్తుంది. అంత ఎత్తులో ఆ విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. మిగతా నూటయాభై గాలి ఇచ్చింది. విమానం గాలిలో పోతుంది, ఆ గాలి తానూ కదులుతూ ఉంటుంది. రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీ ఎదురెక్కేటప్పుడు పట్టే సమయం ఒకటి, తిరిగి ప్రవాహం వెంట దిగేటప్పుడు పట్టే సమయం ఇంకొకటి. ఇంజన్ అదే, నది అదే.

ఆకాశంలో ఉన్న ఆ ప్రవాహం పేరు జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, అంటే మన విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ మధ్య ఉన్న తేడా దీన్ని పుట్టిస్తుంది, భూమి తిరగడం దీన్ని తూర్పుకి మళ్లిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి గాలి బలమూ పెరుగుతుంది. జపాన్ మీద, దాని పక్కనున్న పసిఫిక్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులు కూడా ఉంటాయి.

దీన్ని పద్ధతిగా మొదట కొలిచిన మనిషి గురించి రెండు మాటలు చెప్పాలి. వసాబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త 1920ల్లో తతెనో అబ్జర్వేటరీ నుంచి బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి ఈ గాలుల వేగం లెక్కగట్టారు. ప్రపంచమంతా చదవాలని ఆ నివేదికను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, ప్రచురించారు. ఆ భాష తెలిసినవాళ్లు తక్కువ, చదివినవాళ్లు ఇంకా తక్కువ. 1944లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీదికి వచ్చినప్పుడు ఆ గాలి దెబ్బ ఏమిటో వాటి సిబ్బందికి అనుభవంలో తెలిసింది. అంత మంచి పని అన్నేళ్లు అలా మూలన పడి ఉండటం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఈ రోజు ప్రతి ఫ్లైట్ ప్లాన్‌లోనూ అలాంటి పై గాలుల లెక్క ఉంటుంది.

గాలి తూర్పుకే వీస్తుంది కాబట్టి ఒక ముచ్చటైన సంగతి ఉంది. వెళ్లేటప్పుడు పసిఫిక్ దారి, వచ్చేటప్పుడు అట్లాంటిక్ దారి పట్టుకుంటే రెండుసార్లూ గాలి వెనకనుంచే ఉంటుంది. అలా వెళ్లి వచ్చిన ప్రయాణికుడు ఒక్కసారి కూడా పడమరకి పోకుండా భూమి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే.

మూడో దారి ధ్రువం దారి. 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా విమానం ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లింది. ఒక భారతీయ విమాన సంస్థ ప్రయాణికులతో ఆ దారిలో వెళ్లడం అదే మొదలు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు, సుమారు 14,000 కిలోమీటర్లు, నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా విమానం నడుపుకొచ్చారు. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఈ పేర్లు మన ఆడపిల్లలకి తెలియాలి.

దగ్గర దారి ఉండగా దశాబ్దాల పాటు దాన్ని ఎందుకు వాడుకోలేదు? మూడు నాలుగు కారణాలున్నాయి. రష్యా ఆకాశం చాలాకాలం మూసి ఉండేది. 2001 నాటికి గానీ ధ్రువం మీది దారులు మామూలు రాకపోకలకు తెరుచుకోలేదు. తర్వాతిది రెండు ఇంజన్ల విమానాల నిబంధన. దారి మధ్యలో ఒక ఇంజన్ ఆగిపోతే రెండోదానితో నిర్ణీత సమయంలో చేరుకోగల విమానాశ్రయం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. మొదట్లో ఆ గడువు గంట మాత్రమే. 1985లో రెండు గంటలకు పెంచారు, ఇంజన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ అది మూడు గంటలు, ఇంకా పైకి వెళ్లింది. ఆ గడువు పెరిగాకే మహాసముద్రాలు, ధ్రువం రెండు ఇంజన్ల విమానాలకు అందుబాటులోకి వచ్చాయి. చలి ఇంకో సమస్య. విమాన ఇంధనం, దాని రకాన్ని బట్టి, మైనస్ 40 లేదా మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకని ధ్రువం దారిలో బయటి చలిని, ట్యాంకులో ఇంధనం వేడిమిని గమనిస్తూనే ఉండాలి.

ఇలా మధ్యలో దిగడానికి ఉంచుకునే ప్రత్యామ్నాయ విమానాశ్రయం అన్న మాట కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. 2023 జూన్ 6న అది మనుషుల అనుభవంలోకి వచ్చింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానానికి ఒక ఇంజన్‌లో సమస్య వచ్చి, రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ అనే ఊళ్లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. విమానం క్షేమంగా దిగింది. అది ఆ వ్యవస్థ గొప్పతనం, ఆ పైలట్ల పనితనం. అయితే అది చిన్న ఊరు. అంతమందికి హోటళ్లు ఎక్కడివి? బడి లాంటి చోట్ల సర్దుకోవాల్సి వచ్చింది. ముంబై నుంచి ఇంకో విమానం వెళ్లి జూన్ 8న వాళ్లను గమ్యం చేర్చింది. టికెట్ మీద పదహారు గంటలని రాసి ఉన్న ప్రయాణం రెండు రోజులు దాటింది. అందుకే మీకు చేతులు జోడించి చెబుతున్నాను. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు చెక్-ఇన్ లగేజీలో పెట్టకండి. చేతి సంచిలో, కనీసం నాలుగైదు రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఉంచుకోండి.

ఇక దేశాల సంగతి. ఆకాశానికి కూడా సరిహద్దులున్నాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. యునైటెడ్ సంస్థ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీకి 2019 చివర్లో మొదలుపెట్టిన విమానాన్ని ఆపేయాల్సి వచ్చింది. రష్యాని చుట్టి రావాలంటే దూరం అంత పెరుగుతుంది మరి. భారతీయ సంస్థకు ఆ అడ్డంకి లేకపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసింది, మనమూ వాళ్లకి మూసేశాం. అప్పటినుంచి ఉత్తర భారతం నుంచి పడమరకు పోయే విమానాలు అరేబియా సముద్రం వైపు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలో, కోపెన్‌హాగన్‌లో ఇంధనం కోసం ఆగాయి. దూరం ఒక్క మీటరు మారలేదు, ప్రయాణం గంటల కొద్దీ పెరిగింది.

"పాకిస్తాన్ మీంచి కుదరకపోతే నేరుగా హిమాలయాలు దాటి ఉత్తరానికి పోవచ్చు కదా, విమానం ఎవరెస్టుకంటే పైనే ఎగురుతుంది కదా" అని నన్ను చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. మామూలుగా ఎగరడానికి ఇబ్బంది లేదు. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే ఏమిటన్నది ప్రశ్న. అప్పుడు పైనుంచి ఆక్సిజన్ మాస్కులు పడతాయి. అవి మామూలుగా పావుగంటో, ఇరవై నిమిషాలో పనిచేస్తాయి. ఆ లోపల పైలట్ విమానాన్ని 10,000 అడుగులకు, అంటే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దిగడానికి కింద చోటు లేదు. దాన్ని దాటేదాకా వందల కిలోమీటర్లు అదే పరిస్థితి. ప్రత్యేకంగా ఎక్కువ ఆక్సిజన్ మోసుకెళ్లే విమానాలు, ముందే నిర్ణయించిన తప్పించుకునే దారులు ఉంటే తప్ప అటు పోరు. మనం ఇందాక గ్లోబు మీద లాగిన దారం సరిగ్గా అక్కడినుంచే పోయింది. అందుకే ఆ 12,400 కిలోమీటర్ల గీత మీద ఏ విమానమూ మొదటినుంచి చివరిదాకా పోదు.

ఇంధనం గురించి ఒక్కమాట. 777-200ఎల్ఆర్ ట్యాంకుల్లో లక్షా ఎనభై ఒక్క వేల లీటర్లు పడుతుంది. బరువులో సుమారు 145 టన్నులు. మొదటి గంటల్లో విమానం కాల్చే ఇంధనంలో కొంత, చివరి గంటలకు కావలసిన ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ భారం పెరుగుతుంది. కాబట్టి ఎదురుగాలి బలంగా ఉన్న రోజు కొందరు ప్రయాణికులను, కొంత సరుకును దించేసి వెళ్లడమో, మధ్యలో ఆగడమో తప్పదు. ఆ నిర్ణయం తీసుకునే వాళ్లను దయచేసి తిట్టుకోకండి. మీ భద్రత కోసం తీసుకునే నిర్ణయం అది.

ఇప్పుడు గడియారం. టికెట్ చూసి మన పెద్దవాళ్లు ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే. ఎండాకాలంలో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. ఉదాహరణకు ఢిల్లీలో తెల్లవారుజాము 4 గంటలకు జూన్‌లో బయలుదేరి పదిహేను గంటలు ప్రయాణిస్తే మన టైము రాత్రి 7. అక్కడ మాత్రం అదే రోజు ఉదయం ఆరున్నర. టికెట్ చూస్తే రెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అక్కడ ఉదయం 10కి ఎక్కి పదహారు గంటలు కూర్చుంటే ఇక్కడ మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు దిగుతారు. చూడ్డానికి ఇరవై ఎనిమిదిన్నర గంటలు. అందుకని బయలుదేరే టైము, చేరే టైము తీసివేసి లెక్క కట్టకండి. టికెట్ మీద మొత్తం ప్రయాణ వ్యవధి వేరుగా రాసి ఉంటుంది, అది చూడండి. అందులో కూడా గాలిలో ఉండే సమయం ఒక్కటే ఉండదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటినుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కవేస్తారు. మా వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకే సమయం, క్యూలో నిలబడే సమయం అందులో కలిపే ఉంటాయి. పైలట్ "గాలిలో పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు" అని ప్రకటిస్తే, టికెట్‌లో పదిహేను అని ఉందే అని అనుమానపడక్కర్లేదు.

(సభలోంచి ఒక ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఎందుకు వేయరండీ? దుబాయ్‌లో దిగి మారాలంటే మాకు టెన్షన్‌గా ఉంటుంది.)

అమ్మా, చాలా అవసరమైన ప్రశ్న అడిగారు. 14,400 కిలోమీటర్లు ఎగరగల విమానాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,349 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలకు పైగా ఆగకుండా రోజూ పోతున్నాయి. మన శంషాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. సుమారు 13,300 కిలోమీటర్లు. అది నిలబడలేదు. అంత దూరం పోగల విమానాలు సంస్థ దగ్గర కొన్నే ఉంటాయి. వాటిని ఢిల్లీ, ముంబై లాంటి చోట్ల నుంచి నడిపితే ఎక్కువ సీట్లు నిండుతాయని లెక్క వేసుకుంటారు. పైగా దక్షిణాన ఉన్నకొద్దీ దూరం పెరుగుతుంది. ఢిల్లీ కంటే మనం ధ్రువానికి పదకొండు డిగ్రీలు, అంటే 1,200 కిలోమీటర్లకు పైగా దూరం. ఆ పైన ఆకాశపు ఆంక్షలు. అయినా ఇంతమంది తెలుగువాళ్లు ప్రయాణించే దారికి నేరుగా విమానం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, అడుగుతూనే ఉండాలి.

అయితే మీరు ధైర్యం తెచ్చుకోవాల్సిన లెక్క ఒకటి చెబుతాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కడినుంచి డాలస్ 12,900. కలిపితే 15,450. నేరుగా పోయేదానికంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, గాలిలో గంటా, గంటంపావు. మీకు ఎక్కువయ్యేది మధ్యలో కూర్చునే సమయం. గంటన్నర కనెక్షన్ చవగ్గా వచ్చిందని తీసుకోకండి. మొదటి విమానం నలభై నిమిషాలు లేటైతే పరుగులు పెట్టాల్సి వస్తుంది. మూడు, నాలుగు గంటల గ్యాప్ ఉన్నది చూడమని మీ అమ్మాయికి చెప్పండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు మొదటిది లేటై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థదే అవుతుంది. వేరువేరుగా కొంటే ఆ బాధ్యత మీ మీద పడుతుంది. వీల్‌చైర్ కావాలంటే బుకింగ్ అప్పుడే అడగండి, మొహమాటం వద్దు. సహాయకులు మిమ్మల్ని రెండో విమానం గేటు దాకా తీసుకెళ్తారు. దుబాయ్ నుంచి డాలస్ పదహారు గంటలు పైచిలుకు. ఆ విమానంలో నడవా పక్క సీటు తీసుకోండి, గంటా రెండు గంటలకోసారి లేచి అటూ ఇటూ నడవండి, నీళ్లు తాగుతూ ఉండండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే పెరుగుతుంది. జనవరిలో వెళ్తున్నారా, జూన్‌లోనా? జనవరి అయితే పడమర దిశగా ఎదురుగాలి బలంగా ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు కొంచెం ఎక్కువసేపు, వచ్చేటప్పుడు కొంచెం తక్కువసేపు పడుతుంది. మీ అమ్మాయిని ఎయిర్‌పోర్టుకి అరగంట అటూ ఇటూగా రమ్మనండి.